షెల్టర్‌లో ఉన్న మా హస్కీని ఇంటికి తెచ్చుకోవాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కాబట్టి వివరాలు కుదించి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 61. భర్తకు 67. ఒక్కడే కొడుకు. అతను 2021లో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న రోజుల్లో హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో 45 వేల రూపాయలు పెట్టి 40 రోజుల సైబీరియన్ హస్కీ జాతి కుక్కపిల్లను కొని, బ్రూనో అని పేరు పెట్టి ఇంటికి తెచ్చాడు. మరుసటి ఏడాది చివర్లో పై చదువుకు కెనడా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి రెండో అంతస్తు ఫ్లాట్‌లో బ్రూనో బాధ్యత మొత్తం తల్లి మీద పడింది. ఒకరోజు తెల్లవారుజామున నడకకు తీసుకెళ్తే అది పిల్లిని చూసి ఒక్క ఊపున లాగడంతో ఆమె రోడ్డు మీద పడి మణికట్టు విరిగింది. రాత్రిళ్లు ఊళ పెడుతోందని పై అంతస్తు వాళ్లతో తగాదా వచ్చింది. కళ్ల చుట్టూ, మూతి మీద పక్కులు కట్టి బొచ్చు రాలిపోయింది. 2024 మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి రెండు గంటలు రాకపోయేసరికి కుక్క నిలబడలేక పడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే ఒంటి వేడి 107 డిగ్రీలు. ఎలాగో బతికింది. ఆ తర్వాతి నెలలోనే భర్తకు బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఇక తన వల్ల కాదని, విజయవాడ దాటాక నూజివీడు వైపు మామిడి తోటల మధ్య ఉన్న ఒక జంతు సంరక్షణ కేంద్రానికి బ్రూనోను రాసిచ్చేశారు.

ఇప్పుడు బ్రూనో అక్కడ బాగానే ఉంది. ఆమె వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్లి చూసి వస్తారు. వచ్చేటప్పుడు అది గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంది. కొడుకు ఫోన్‌లో “నా కుక్కను అనాథాశ్రమంలో పడేశారు” అంటున్నాడు; తను తిరిగి వచ్చేదాకా ఇంట్లో పెట్టుకోమని, కుదరకపోతే కెనడాకు పంపమని పట్టుబడుతున్నాడు. తెనాలి దగ్గర పొలం ఉన్న తమ్ముడు తన దగ్గర వదలమంటున్నాడు. భర్త మాత్రం “ఉన్నచోట ఉండనివ్వు” అని ఊరుకుంటున్నారు. ఇంతలో షెల్టర్ వాళ్లు, ఇప్పటికే ఒక ఆడ హస్కీని పెంచుతున్న బెంగళూరు దంపతులు బ్రూనోను దత్తత అడుగుతున్నారని, నెలాఖరులోగా ఆమె అభిప్రాయం కూడా తెలుసుకోవాలనుకుంటున్నామని చెప్పారు. “నేను దాన్ని వదిలించుకున్నానా? తిరిగి తెచ్చుకుంటే ఆ పాపం పోతుందా? బెంగళూరు పంపితే రెండోసారి వదిలించుకున్నట్టు కాదా?” అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో బ్రూనో గురించి రాసిన మాటలూ మీ అబ్బాయి గురించి రాసిన మాటలూ చాలాచోట్ల కలగలిసి ఉన్నాయి. ఒకచోట “వాడు నన్ను చూడగానే చిన్నపిల్లాడిలా అయిపోతాడు” అన్నారు. అది ఎవరి గురించో తెలియడానికి నేను వెనక్కి వెళ్లి పై వాక్యం చదువుకోవలసి వచ్చింది. అబ్బాయి వెళ్లిపోయాక ఇంట్లో అతని గుర్తుగా మిగిలిన ప్రాణి అది. కాబట్టి దాన్ని రాసిచ్చినప్పుడు మీకు కుక్కను ఇచ్చినట్టు కాక, కొడుకు అప్పగించి వెళ్లిన దాన్ని పోగొట్టినట్టు అనిపించి ఉంటుంది. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే, బ్రూనో ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు మీరిచ్చే జవాబు నిజానికి మీ అబ్బాయికి ఇచ్చే సంజాయిషీ అవుతుంది. అందుకని ముందు కుక్క సంగతి మాట్లాడుకుని, అబ్బాయి దగ్గరకు తర్వాత వద్దాం.

వదిలించుకోవడం అంటే ఏమిటో చట్టం కూడా కొంత చెప్పింది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం, ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేసి పోవడం నేరం. (మొదటిసారి చేస్తే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా, ఆ అంకె అప్పటి నుంచి అలాగే ఉందన్నది మనమంతా సిగ్గుపడవలసిన విషయం.) మీరు చేసింది ఇది కాదు. కాగితం మీద సంతకం పెట్టి, టీకాల పుస్తకం చేతికిచ్చి, దానికి ఏ మందు పడుతుందో ఏది పడదో చెప్పి, ఆ తర్వాత కూడా వెళ్లి చూస్తున్నారు. ఈ కథలో తప్పంటూ ఉంటే అది చాలా ముందే జరిగింది. కుక్కపిల్లల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు; 40 రోజుల పిల్లను, అందులోనూ మంచు దేశపు జాతిని, గుంటూరు ఫ్లాట్‌కు వెళ్తోందని తెలిసీ అమ్మినవాడు మీ కంటే ముందు జవాబు చెప్పాలి.

ఇక మీరు మీ చేతకానితనం అని రాసుకున్న విషయాలను ఒక్కొక్కటిగా చూడండి. హస్కీ జాతిని సైబీరియా ఈశాన్య కొసన ఉండే చుక్చీ ప్రజలు మంచు మీద జారే స్లెడ్జి బండ్లు లాగడానికి తరతరాలుగా పెంచుకున్నారు. 1925 జనవరి చివర్లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకినప్పుడు, సుమారు 1,085 కిలోమీటర్ల మంచుదారిలో స్లెడ్జి కుక్కల జట్లు ఒకదాని తర్వాత ఒకటి మందును అందుకుంటూ ఐదున్నర రోజుల్లో చేర్చాయి. ఆ పరుగులో పేరు తెచ్చుకున్న టోగో, బాల్టో రెండూ ఈ జాతివే. ఛాతీకి పట్టీ కట్టగానే ముందుకు లాగడం వీటి రక్తంలో ఉంది. బ్రూనో మిమ్మల్ని పడేసిన ఉదయం అది చేసింది తన జాతి పని. ఆ లాగుడుకు 60 ఏళ్ల మణికట్టు తట్టుకోలేకపోవడంలో మీ తప్పేమీ లేదు. పిల్లి కనబడగానే పరుగెత్తడమూ అంతే. చిన్న జంతువుల్ని తరిమే స్వభావం ఈ జాతిలో చాలా బలంగా ఉంటుంది. రాత్రిపూట మోర ఎత్తి ఊళ పెట్టడం కూడా జాతి లక్షణమే. మామూలు కుక్క మొరిగే చోట హస్కీ ఊళ పెడుతుంది, ఒంటరిగా ఉంటే ఇంకా ఎక్కువ పెడుతుంది.

కళ్ల చుట్టూ, మూతి మీద పక్కులు కట్టిన సంగతి మీరు ఒక్క వాక్యంలో చెప్పి, “సరిగా తిండి పెట్టలేకపోయాను” అని రాశారు. షెల్టర్‌లో జింకు మందు వాడాక తగ్గిపోయిందని ఆ తర్వాతి పేజీలో మీరే రాశారు. హస్కీలకూ, వాటిలాంటి మరో స్లెడ్జి జాతి అయిన మాలమ్యూట్లకూ పుట్టుకతోనే తిండిలోని జింకును పేగులు సరిగా పీల్చుకోకపోయే లోపం ఉండవచ్చు. దానికి తోడు అన్నం, రొట్టె వంటి గింజధాన్యాల తిండే ఎక్కువగా పెడితే ఉన్న జింకు కూడా ఒంటికి అందదు. మీరు ప్రేమగా కలిపి పెట్టిన పెరుగన్నం ఊరకుక్కకైతే సరిపోయేది. దీన్ని ఇంట్లోవాళ్లు చూసి కనిపెట్టడం కష్టం. చాలామంది గజ్జి అనుకుని పూతమందులు రాసి ఊరుకుంటారు.

ఆ మే నెల మధ్యాహ్నం గురించి మీరు రాసిన పేరా మాత్రం నన్ను చాలాసేపు ఆపింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతుంటే నాలుక మీద, గొంతులో ఉన్న తడి ఆవిరవుతూ ఒంటి వేడిని దించుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి సరిగా పోదు. మన కృష్ణా తీరంలో ఎండతో పాటు ఉక్క కూడా ఉంటుంది కాబట్టి, అదే ఎండ ఉన్న పొడి ప్రాంతంలో కంటే ఇక్కడ కుక్క ఇంకా త్వరగా ఓడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. మీరు బాత్‌రూమ్ కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకులోంచి వేడినీళ్లు వచ్చాయి. అప్పుడు వంటింట్లోని మంచినీళ్ల కుండా బిందే తెచ్చి దాని కడుపు మీద, తొడల మధ్య పోసి, అట్టముక్కతో విసురుతూ ఆటో పిలిపించారు. డాక్టరు అక్కడ ఉన్నా ముందుగా చేయించేది ఇదే: ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. అది ఈ రోజు మామిడి చెట్టు కింద గొయ్యి తవ్వుకుంటోందంటే ఆ బిందె నీళ్ల వల్లే. దాన్ని బతికించిన మధ్యాహ్నాన్ని మీరు మీ నేరాల జాబితాలో వేసుకోవడం నాకు సబబుగా అనిపించలేదు.

ఇప్పుడు షెల్టర్‌లో దాని రోజు ఎలా గడుస్తోందో మీరు రాసినదాన్నే మీ ముందు పెడతాను, ఎందుకంటే నిర్ణయానికి కావలసింది అందులోనే ఉంది. తెల్లవారుజామున ఐదింటికే ఒక కుర్రాడు సైకిల్ పక్కన పరుగెత్తిస్తూ తోట చుట్టూ తిప్పుకొస్తాడు. ఎండ ముదరకముందే తిండి అయిపోతుంది. పదింటి నుంచి ఐదింటి దాకా రేకుల షెడ్డులో, వట్టివేళ్ల తడికెలు తడిపి కట్టిన మూలన, కూలర్ ముందు ఉంటుంది. సాయంత్రం పశువుల సిమెంటు తొట్టిలో దిగి, నాలుగు కాళ్లూ నీళ్లలో పెట్టుకుని నిలబడి, తర్వాత అదే తడి ఒంటితో చెట్టు కింది గోతిలో పడుకుని కడుపంతా బురద చేసుకుంటుంది. మీరు పట్టుకెళ్లిన ఇడ్లీని తినకుండా నోట కరచుకుపోయి పాతిపెట్టి, మూతితో మట్టి కప్పుతుంది. మొదట్లో పక్క తోట కోళ్లను చంపింది కాబట్టి ఇప్పుడు లోపల మరో వరస కంచె కట్టారు. రైలు కూత వినబడితే ఊళ అందుకుంటుంది, మిగతా కుక్కలు కలుస్తాయి, ఎవరూ తగాదాకు రారు. మూడు కాళ్ల ఊరకుక్క ఒకటి దానికి నేస్తం. ఆ ఆడకుక్క తినేదాకా బ్రూనో తన గిన్నె దగ్గరకు వెళ్లదు.

ఇది చిన్న జీవితం కాదమ్మా. పరుగు, నీళ్లు, తవ్వుకోవడానికి నేల, తోడు, ఊళ పెట్టుకునే స్వేచ్ఛ అన్నీ ఉన్నాయి. దానికి అక్కడ లేనిది మీరొక్కరే. ఆ లోటు దానికి ఎంత పెద్దదో కొలవడానికి గేటు దగ్గరి ఏడుపు ఒక్కటే చాలదు. మీరు కనుమరుగయ్యాక పది నిమిషాలకు అది వెళ్లి తొట్టిలో నిలబడుతుందని కుర్రాడు చెబితే మీకు కోపం వచ్చిందని రాశారు. ఆ కోపం నాకు అర్థమైంది. మనం వెళ్లిపోతే ఎవరో ఒకరు ఇంకాసేపు బాధపడాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ కుర్రాడు చెప్పింది మంచి వార్త. మీరు లేని మిగతా రోజుల్లో అది కుదురుగా ఉంటోందని అర్థం. తిండి మానేసి, ఒకే చోట గిరగిరా తిరుగుతూ, కాళ్లు నాక్కుని పుండు చేసుకుంటుంటే అప్పుడు ఆలోచించాలి. ఇకపై వెళ్లినప్పుడు దాని తిండివేళకు చేరుకుని, అది గిన్నెలో మూతి పెట్టి ఉండగా నెమ్మదిగా వచ్చేయండి. వెళ్లొస్తానని పదేపదే నిమరడం దాన్ని ఇంకా కలవరపెడుతుంది.

ఇక మీ ముందున్న దారులు. తమ్ముడి పొలం సంగతి ముందే తేల్చేద్దాం: కోళ్లు, గేదెలు, నీడ తక్కువ, కట్టేస్తే గొలుసు, వదిలేస్తే పరారీ. ఆయన మనసు మంచిది, చోటు మంచిది కాదు.

ఇంటికి తెచ్చుకోవడం అసాధ్యం కాదు, అయితే దాని ఖరీదు పూర్తిగా తెలిసి తెచ్చుకోవాలి. రెండో అంతస్తులో పగలంతా ఏసీ నడిచే ఒక గది, కరెంటు పోయినప్పుడు ఆ ఏసీకి సరిపోయే జనరేటరు, తెల్లవారుజామున, రాత్రి ఎనిమిది తర్వాత దాన్ని పరుగెత్తించడానికి జీతానికి ఒక బలమైన మనిషి, ఏడాది పొడవునా గోమార్ల మందు, వారానికి రెండు మూడుసార్లు దువ్వడం. (ఎండాకాలం వస్తోంది కదా అని నున్నగా గొరిగించవద్దు. పై బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది, గొరిగితే తిరిగి సరిగా రాకపోవచ్చు; లోపలి మెత్తటి నూగును దువ్వి తీసేస్తే చాలు.) అపార్ట్‌మెంట్ సంఘం కుక్కను పెంచవద్దని శాసించలేదు, జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ మాట స్పష్టంగానే ఉంది. అయితే హక్కు మీ వైపు ఉన్నంత మాత్రాన పై అంతస్తు వాళ్లకు నిద్ర పట్టదు, గుండె ఆపరేషన్ అయిన మీవారికి ఆ తగాదాలు పడవు. నన్నడిగితే ఈ ప్రశ్నను ఒక్క గంటకు కుదించి చూడండి: మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి, ఆ రోజు మీరు మీవారితో ఆస్పత్రిలో ఉంటే, బ్రూనో దగ్గర ఎవరుంటారు? ఒక మనిషి పేరు చెప్పగలిగితే ఇంటి దారి తెరిచే ఉంది. ఎవరో ఒకరు ఉంటారులే అన్నది జవాబైతే, 2024 మే మళ్లీ రావడానికి తలుపు తీసి పెట్టినట్టే.

ఇంకొకటి కూడా ఉంది. హస్కీలు సాధారణంగా 12 నుంచి 14 ఏళ్లు బతుకుతాయి. బ్రూనోకు సగం జీవితం ఇంకా ముందే ఉంది. అది ముసలిదై మెట్లు ఎక్కలేనినాటికి మీకు 70 వస్తాయి. 20 కిలోలకు పైబడిన కుక్కను రెండంతస్తులు ఎత్తుకుని దింపడం అప్పుడు ఎవరి పని?

కెనడా పంపడం పైకి న్యాయంగా కనిపిస్తుంది, చలిదేశపు కుక్క చలిదేశానికి చేరుతుంది కదా అని. కాగితాలు కష్టమే గానీ దాటలేనివి కావు: మైక్రోచిప్, రేబిస్ టీకా ధ్రువపత్రం, కేంద్ర జంతు క్వారంటైన్ విభాగం ఇచ్చే ఎగుమతి పత్రం, కొలతకు సరిపోయే పెట్టె. కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వ్యాపార కేటగిరీ కింద వచ్చే కుక్కలను కెనడా 2022 సెప్టెంబరు 28 నుంచి రానివ్వడం లేదు. అమ్మకానికో దత్తతకో తెచ్చే కుక్కలు కూడా ఆ కేటగిరీలోకే వస్తాయి. కాబట్టి బ్రూనో తన సొంత పెంపుడు కుక్కేనని మీ అబ్బాయి రుజువు చేసుకోవాలి, మీరేమో దాన్ని షెల్టర్‌కు రాసిచ్చి ఉన్నారు. ఈ చిక్కు విప్పే ముందు అక్కడి ఇంటి సంగతి చూడండి. అతను మరో ముగ్గురితో కలిసి ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాడని, పగలు కాలేజీ, రాత్రి స్టోర్‌లో డ్యూటీ అని మీరే రాశారు. ఇంటాయన కుక్కకు ఒప్పుకుంటాడా అన్నది మొదటి ప్రశ్న, ఒప్పుకున్నా రోజుకు పన్నెండు గంటలు అది ఆ గదిలో ఒంటరిగా ఉండవలసిందేనా అన్నది రెండోది. బయట మంచు కురుస్తున్నా లోపల బంధించి ఉంటే దానికి ఒరిగేదేమీ లేదు. చదువు పూర్తయి, ఉద్యోగం కుదిరి, పెరడున్న ఇల్లు తీసుకున్ననాడు ఈ మాట మళ్లీ ఎత్తవచ్చు.

మిగిలినవి రెండు, షెల్టర్‌లోనే ఉంచడం, బెంగళూరు పంపడం. నా మొగ్గు ఈ రెంటి వైపే ఉందని దాచడం లేదు, అయితే ఈ రెంటిలో ఏదన్నది మీరు స్వయంగా చూస్తే తప్ప తేలదు.

షెల్టర్‌ను మీరు స్వర్గంలా వర్ణించారు. అలాంటి చోట్లు తరచుగా ఒకరిద్దరు మనుషుల ఓపిక మీద, దాతల దయ మీద నడుస్తుంటాయి. స్థాపించినవారికి జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, కొత్తగా వచ్చిన కుక్కలను కొన్నాళ్లు విడిగా ఉంచుతారా, డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక అంటురోగాలకు టీకాలు అన్నిటికీ ఏటా పడుతున్నాయా, అత్యవసరమైతే గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బండి ఉందా అని అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని మూగజీవాలు మేడల మీద చిక్కుకుపోయాయో మనం చూశాం. వాన ముంచెత్తితే కుక్కలను ఎక్కడికి తరలిస్తారన్నది కూడా అడగదగిన మాటే. అడిగితే నొచ్చుకుంటారని సంకోచించకండి, శ్రద్ధగా నడిపేవాళ్లు ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తారు. బ్రూనో అక్కడే ఉంటే మీ వంతుగా బిస్కెట్ పొట్లాలు మానేసి, దాని కూలర్‌కు ఇన్వర్టర్ బ్యాటరీయో, మూడు నెలలకొకసారి వేసే గోమార్ల మాత్రల ఖర్చో మీ పేరున తీసుకోండి. గోమార్ల కాటు వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన ప్రాంతంలో ఏడాదంతా ఉంటుంది కాబట్టి ఆ మాత్ర దానికి మీరివ్వగల మంచి కానుక. ఈ దారిలో మీరు దాన్ని చూస్తూ ఉండగలుగుతారు, దాని నేస్తం దానితో ఉంటుంది. కానీ వంద కుక్కల మధ్య అది ఒక కుక్కగానే ఉంటుంది, ఎండాకాలం ఏటా ఒక గండంలా గడుస్తుంది.

బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడి వేసవి మన వేసవికి ఏ మాత్రం సాటి రాదు. హస్కీని పెంచి తెలిసినవాళ్లు కావడం పెద్ద మేలు. ఇంట్లో తోడుగా మరో హస్కీ ఉండటం ఇంకో మేలు. బ్రూనోకు షెల్టర్‌లో సంతాన నిరోధక ఆపరేషన్ అయిపోయిందన్నారు కాబట్టి, పిల్లల వ్యాపారానికి అడుగుతున్నారేమోనన్న మీ అనుమానానికి ఆధారం లేదు. అయినా కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ప్రహరీ ఆరడుగులైనా ఉందా? అడుగున తవ్వి బయటపడకుండా ఏర్పాటు ఉందా? ఇద్దరూ ఉద్యోగస్తులైతే పగలు ఎవరుంటారు? మొదటి నెల పెంపుడు బాధ్యతగా మాత్రమే ఇచ్చి, ఆ తర్వాతే దత్తత ఖాయం చేయడానికి వాళ్లు ఒప్పుకుంటారా? కుదరకపోతే మూడో మనిషికి ఇవ్వకుండా తిరిగి షెల్టర్‌కే చేర్చాలని కాగితం మీద రాస్తారా? ఇంకొక ప్రశ్న మీరూ అడగలేదు, షెల్టర్ వాళ్లూ అడిగినట్టు లేదు. ఆ మూడు కాళ్ల ఆడకుక్కను కూడా తీసుకుంటారా? ఒకదానికొకటి అంతగా అలవాటుపడిన జంటను విడదీస్తే కొన్నాళ్లు తిండి మానేసే కుక్కలున్నాయి. ఆ దంపతులు కాదంటే తప్పుపట్టనక్కర్లేదు. అవునంటే మాత్రం, నేనైతే సగం నిర్ణయం అక్కడే తీసుకుంటాను.

పంపితే మీరు పోగొట్టుకునేది ఉంది. బస్సెక్కి వెళ్లి చూసే వీలు పోతుంది, ఏడాది తర్వాత ఫొటోలు పంపడం తగ్గుతుంది, చివరకు మానేయవచ్చు కూడా. దానికి మీ మనసు సిద్ధంగా లేకపోతే ఆ మాట షెల్టర్ వాళ్లకు చెప్పడంలో సిగ్గుపడాల్సింది లేదు. కాగితం ప్రకారం హక్కు వాళ్లదే అయినా మిమ్మల్ని అడిగారంటే మీ మాటకు విలువ ఇస్తున్నారు. రెండోసారి వదిలించుకోవడం అవుతుందా అని అడిగారు. దాని బాగు కోరి, చూసి, ప్రశ్నించి, కాగితం రాయించుకుని పంపేదాన్ని ఆ పేరుతో పిలవలేం.

అబ్బాయి సంగతి. “అనాథాశ్రమం” అన్న మాట అతను ఆ చోటును చూడకుండా అన్నది. అతని బాధ నిజమే, తను వదిలి వెళ్లిన అపరాధ భావం కూడా అందులో ఉంది, అది మీ మీదకు తిరిగింది. వాదించకండి. వెళ్లినప్పుడు తొట్టిలో నిలబడ్డ బ్రూనోను వీడియో కాల్‌లో ఒక అరగంట చూపించండి, మధ్యలో ఏమీ మాట్లాడకండి. ఆ తర్వాత ఇలా చెప్పవచ్చు: “నాన్నా, నువ్వు వెళ్లాక దీన్ని నా చేతనైనన్నాళ్లు చూశాను. ఇప్పుడు నా ఒంట్లోనూ, మీ నాన్న ఒంట్లోనూ ఆ శక్తి లేదు. ఇది ఎక్కడుంటే బాగుంటుందో నువ్వూ ఆలోచించు, కానీ మా ఇల్లు మాత్రం ఆ లెక్కలో వేసుకోకు. నెలకు దీని ఖర్చులో సగం నువ్వు పంపు.” డబ్బు అడగడం మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అయినా అడగండి. బాధ్యతలో వాటా లేకుండా తీర్పు చెప్పడం దూరంగా ఉన్నవాళ్లకు సులువు. మొదటి నెల డబ్బు పంపాక అతని మాటల్లో పదును తగ్గుతుందని నా నమ్మకం. బెంగళూరు దంపతులతో అతన్నే ఫోన్‌లో మాట్లాడమనండి. హస్కీల గురించి ఇంట్లో ఎక్కువ తెలిసినవాడు అతనే కదా, ఆ ప్రశ్నలు మీకంటే బాగా అడుగుతాడు.

మీవారు “ఉన్నచోట ఉండనివ్వు” అన్నారంటే ఆయనకు పట్టదని అనుకోకండి. బహుశా ఆ మధ్యాహ్నం మళ్లీ చూడలేననే భయం కావచ్చు. ఈ నెలాఖరులోగా ఒకసారి ఆయన్నీ కారులో తీసుకెళ్లండి, ఆ దంపతులను కూడా అదే రోజు రమ్మనమని షెల్టర్ వాళ్లను కోరండి. బ్రూనో వాళ్లతో ఎలా ఉందో, వాళ్లు మూడు కాళ్ల కుక్కను పలకరించారో లేదో మీ కళ్లతో చూస్తారు. నెలాఖరుకు అవుననో కాదనో చెప్పి తీరాలని లేదు. చూసి చెబుతాం, ఒక నెల గడువు ఇవ్వండి అనడమూ జవాబే. పంపడమే ఖాయమైతే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రయాణం పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. బెంగళూరు 600 కిలోమీటర్లకు పైనే. చలికాలంలో రాత్రి ఎనిమిది దాటాక ఏసీ కారులో బయల్దేరి, రెండు మూడు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టిస్తూ, ఎక్కడ ఆపినా తలుపు తీసే ముందే గొలుసు చేత్తో పట్టుకోమని ఆ దంపతులకు షెల్టర్ కుర్రాడితో చెప్పించండి.